నాక్రా 17 కల: ఒక్క పడవతో మొదలుపెట్టకండి

మీరు అడిగినవి మూడు. మీ అమ్మాయికి పదిహేనేళ్ళు. ఐదేళ్ళుగా హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ చేస్తోంది, ఇప్పుడు ఒక్కరే నడిపే చిన్న పడవ ఐఎల్‌సీఏ 4 నడుపుతోంది. పారిస్ ఒలింపిక్స్‌లో ఇటలీ జంట నాక్రా 17 అనే కాటమరాన్‌లో నీళ్ళ మీద తేలిపోతూ వెళ్ళడం చూసినప్పటి నుంచీ "నాన్నా, నేను అదే నడుపుతా" అంటోంది. ఆ క్లాసులో, అంటే ఆ రకం పడవల పోటీలో, పారిస్‌లో 19 పడవలే కదా, ఐఎల్‌సీఏలో 43 మందితో పోటీపడేకంటే ఇది దగ్గరి దారి కాదా అన్నది మీ మొదటి ప్రశ్న. వేలమంది సెయిలర్లున్న దేశాలు కూడా మల్టీహల్‌లో, అంటే ఒకటికి మించి హల్స్ (పడవ దేహాలు) ఉన్న పడవల్లో, ఎందుకు తంటాలు పడుతున్నాయన్నది రెండోది. నలుగురు తల్లిదండ్రులు కలిసి యూరప్ నుంచి పాత నాక్రా 17 ఒకటి తెప్పించుకుంటే ఎలా ఉంటుందన్నది మూడోది.

మూడోదానికి జవాబు ముందే చెప్పేస్తాను. వద్దు. ఎందుకు వద్దో తెలియాలంటే మిగతా రెండూ మాట్లాడుకోవాలి. నేను పాతికేళ్ళుగా పిల్లలకు సెయిలింగ్ నేర్పుతున్నాను, అందులో సగానికి పైగా కాటమరాన్ల మీదే. ఇక్కడ రాసేదంతా ఆ నీళ్ళలో తడిసి తెలుసుకున్నదే.

ముందు ఆ 19 సంగతి. అది పోటీదారుల సంఖ్య కాదు, కుర్చీల సంఖ్య. పారిస్‌లో ఐఎల్‌సీఏ 6కు, అంటే ఒలింపిక్స్‌లో అమ్మాయిలు నడిపే ఐఎల్‌సీఏకు, 43 కుర్చీలున్నాయి కాబట్టే మన నేత్రా కుమనన్ లాంటివాళ్ళకు అందులో చోటు దొరికింది. నాక్రాలో ఉన్న కొద్ది చోట్లలో పెద్ద భాగం ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ల దగ్గరే, యూరప్ వాళ్ళ చేతుల్లోకి వెళ్ళిపోతాయి. ఆసియా మొత్తానికి మిగిలేది ఒకటో రెండో. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన జంట కూడా నాక్రా 17లో దిగింది. ఒలింపిక్స్ మల్టీహల్ పోటీలో మాత్రం మన దేశం నుంచి ఇంతవరకు ఎవరూ దిగలేదు. కాబట్టి ఇది దగ్గరి దారి కాదు, జనం తక్కువగా నడిచిన దారి. ఆ తేడా మీ అమ్మాయికి ఇప్పుడే చెప్పండి. విని కూడా ఇదే కావాలంటే, ఆ కోరిక నిజమైనదే.

ఇక ఈ పడవ ఎందుకంత కష్టం అన్నది. కాటమరాన్ అంటే రెండు సన్నటి హల్స్‌ను రెండు అడ్డ బీమ్‌లతో బిగించిన పడవ. మాట మన తీరం నుంచే పోయింది. తమిళంలో కట్టుమరం, మన విశాఖ జాలర్ల నోట తెప్ప. అయితే మనవాళ్ళది దుంగలు కట్టిన తెప్ప. ఈ రెండు హల్స్ అమరిక పసిఫిక్ దీవులవాళ్ళది. నాక్రా 17 పొడవు 5.25 మీటర్లు, వెడల్పు 2.59 మీటర్లు. ఒక హెల్మ్ (చుక్కాని పట్టేవాళ్ళు), ఒక క్రూ (తోడుగా నడిపేవాళ్ళు), అందులో ఒకరు అబ్బాయి, ఒకరు అమ్మాయి ఉండాలి. 2016 రియోలో మొదటిసారి వచ్చినప్పుడు ఇది నీళ్ళలోనే నడిచేది. టోక్యో నాటికి దానికి పూర్తి ఫాయిళ్ళు వచ్చి, విమానం రెక్కల్లాగా పడవనంతా నీళ్ళ పైకి లేపడం మొదలుపెట్టాయి.

మీ అమ్మాయికి ఇలా చెప్పండి. గాలి ఆడని సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద స్కూటర్ మీద వెళ్తుంటే కూడా మొహానికి గాలి కొడుతుంది. ఆ గాలి మనం వెళ్ళడం వల్ల పుట్టింది. ఐఎల్‌సీఏ మెల్లగా నడుస్తుంది కాబట్టి అందులో ఈ సొంత గాలి తక్కువ, వాతావరణంలో వీచే గాలే ముఖ్యం. కాటమరాన్‌లో సగానికి సగం పడవ తనకు తాను పుట్టించుకున్న గాలితోనే పరుగు. వేగం ఉంటే గాలి ఉంటుంది, గాలి ఉంటే వేగం ఉంటుంది. ఒకసారి ఆ గొలుసు తెగిందా, మళ్ళీ అతకడానికి చాలా దూరం పోతుంది.

హుస్సేన్ సాగర్‌లో పెరిగిన పిల్లలకు ఇక్కడే మొదటి చిక్కు. మన సాగర్‌లో గాలి చుట్టూ ఉన్న భవనాల మధ్య నుంచి విరిగి వస్తుంది, నిమిషానికోసారి దిక్కు మారుతుంది. అందుకే మన పిల్లలు గాలి అటు తిరగ్గానే ఇటు ట్యాక్ కొట్టేస్తారు, అంటే ముక్కును గాలి మీదుగా తిప్పి రెండో వైపు పోతారు. ఐఎల్‌సీఏలో అది గొప్ప విద్య, ఆ చురుకు ఎక్కడికి వెళ్ళినా పనికొస్తుంది. కానీ కాటమరాన్‌కు ట్యాక్ అంటే ఖరీదైన పని. రెండు హల్స్ నీళ్ళలో కూరుకుని, తిరగడానికి మొండికేస్తాయి. ఐఎల్‌సీఏలాగా ఒంటితో ఊపి తిప్పుదామంటే తిరగదు. ఒక్కో ట్యాక్‌కు ఎన్నో పడవల పొడవు వెనకబడతారు. కాబట్టి చిన్న మార్పు వచ్చినప్పుడు చేతులు కట్టుకుని వేగాన్ని కాపాడుకోవాలి, పెద్ద మార్పుకు మాత్రమే కదలాలి. గాలివాలుకు వెళ్ళేటప్పుడు కూడా అంతే. ఐఎల్‌సీఏలో గుర్తు (రేసులో తిరగాల్సిన బోయా) వైపు ముక్కు పెట్టి తిన్నగా దిగిపోవచ్చు. కాటమరాన్‌లో అలా తిన్నగా దిగితే నత్తనడకే. పక్కకు పక్కకు కోసుకుంటూ, దూరం ఎక్కువైనా వేగంతో దిగాలి. చేతులకు అలవాటైంది మానిపించడం కొత్తది నేర్పడంకంటే కష్టం. నా దగ్గరికి వచ్చిన మంచి ఐఎల్‌సీఏ పిల్లల్లో చాలామందికి మొదటి ఏడాదంతా ఇదే సరిపోయింది.

రెండో చిక్కు ముక్కు గుచ్చుకోవడం. గాలికి ఎదురు వెళ్ళి, మొదటి గుర్తు తిప్పి, గాలివాలుకు మళ్ళే ఆ నాలుగైదు సెకన్లు చూడండి. ఇద్దరూ మాస్ట్ (తెరచాప స్తంభం) నుంచి వేలాడే ట్రపీజ్ తీగ మీద, పాదాలు హల్ అంచున, వెన్ను నీళ్ళకు సమాంతరంగా ఉంటారు. పడవ తిరుగుతుంటే గాలి మొత్తం తెరచాప మీద పడుతుంది, వేగం ఒక్కసారిగా రెట్టింపవుతుంది, గాలివాలు వైపు హల్ ముక్కు నీళ్ళలోకి దిగుతుంది. మెయిన్ షీట్, అంటే పెద్ద తెరచాపను బిగించే తాడు, క్రూ చేతిలో ఉంటుంది. క్రూ అమ్మాయి అనుకుంటే, ఆమె ఒక జానెడు తాడు వదలాలి. రెండు జానెలు వదిలితే తెరచాప సత్తువ పోయి పడవ కూలబడుతుంది. అసలు వదలకపోతే ముక్కు గుచ్చుకుని, వెనక భాగం పైకి లేచి, ఇద్దరూ తీగలకు వేలాడుతూ ముందుకు విసిరేసినట్టు పోతారు. జానెడు తాడు, అర సెకను. ఆ క్షణంలో హెల్మ్ ఆమెను "వదులు" అని అడిగితే అప్పటికే ఆలస్యం. అడగకుండానే అతని భుజం కదలికను బట్టి ఆమె చేతికి తెలిసిపోవాలి.

ఫాయిళ్ళు వచ్చాక ఇది ప్రమాదం కూడా అయింది. 2017లో ఫ్రాన్స్‌లోని లా గ్రాండ్ మోత్‌లో అమెరికా హెల్మ్ బోరా గులారి పడవ బోల్తాపడి వేళ్ళ కొసలు పోగొట్టుకున్నాడు. ఫాయిల్ వెనక అంచు కత్తిలా ఉంటుంది. హెల్మెట్, మందపాటి జాకెట్, పక్కనే మోటారు రెస్క్యూ బోటు లేకుండా నేను ఏ పిల్లనూ ఫాయిల్ పడవ ఎక్కనివ్వను. మీరూ ఎక్కనివ్వకండి.

ఇప్పుడు మీ రెండో ప్రశ్నకు, నాకు బాగా నొప్పి కలిగించిన సంగతికి వస్తాను. కొన్నేళ్ళ కిందట ఒక జంటను రెండేళ్ళపాటు తయారుచేశాను. మాకున్నది ఒకే ఒక్క కాటమరాన్. పక్కన పోల్చి చూసుకోవడానికి రెండో పడవ లేదు. ఎడమ వైపు గాలితో వెళ్ళేటప్పుడు పడవ చక్కగా లేచేది. కుడి వైపు గాలితో తడబడేది, లేచినా నిలిచేది కాదు. ఆ వైపు వెళ్ళినప్పుడు క్రూ అమ్మాయి తాడు సరిగ్గా పట్టడం లేదని నేను తీర్మానించాను. ఆర్నెల్లు ఆ పిల్ల చేత అదే కసరత్తు చేయించాను, రోజూ చీకటిపడేదాకా. ఒక్క మాట ఎదురు చెప్పలేదు. తీరా యూరప్‌లో ఒక పోటీకి వెళ్తే, పక్క జట్టు కోచ్ మా పడవ చుట్టూ ఒకసారి తిరిగి, కొలత పరికరం పెట్టి చూసి, ఫాయిళ్ళు రెండూ ఒకే కోణంలో లేవన్నాడు. డిగ్రీకి పైగా తేడా. కంటెయినర్‌లో వచ్చిన పడవను బిగించేటప్పుడు మేము చేసిన తప్పు అది. రెండేళ్ళు ఆ తప్పు మీదే సాధన చేశాం. పక్కన అలాంటిదే ఇంకో పడవ ఉండి ఉంటే మొదటి వారంలోనే తెలిసిపోయేది: ఒకే గాలి, ఒకే వైపు, ఆ పడవ ముందుకు పోతోంది, మనది పోవడం లేదు, కాబట్టి లోపం పిల్లలో లేదు. ఆ రాత్రి ఆ అమ్మాయికి క్షమాపణ చెప్పాను. పోయిన రెండేళ్ళు మాత్రం ఇవ్వలేకపోయాను.

మల్టీహల్‌లో పైకి రాలేకపోయిన ప్రతి దేశపు కథలోనూ ఏదో రూపంలో ఇదే ఉంటుంది. ప్రతిభ కరువు కాదు, పక్కన పడవ కరువు. ఈ క్లాసులో వేగం డిగ్రీల్లో, మిల్లీమీటర్లలో ఉంటుంది. తీగల బిగువు, ఫాయిల్ కోణం, మాస్ట్ ఎంత వంగాలి లాంటివి ఒంటరి పడవకు ఎన్నటికీ తెలియవు. ఐఎల్‌సీఏలో సవరించుకునేవి నాలుగైదు తాళ్ళు. హల్ 59 కిలోలే, కారు టాప్ మీద కట్టుకుని పోవచ్చు. ఏ ఊళ్ళో దిగినా అలాంటి పడవలు ఇరవై ఉంటాయి. నాక్రా వెడల్పు కంటెయినర్ లోపలి వెడల్పుకంటే ఎక్కువ, విప్పి పంపాలి, మళ్ళీ బిగించాలి. బిగించిన ప్రతిసారీ అది కొత్త పడవే.

గెలిచినవాళ్ళను చూడండి. 1976 నుంచి 2008 దాకా తొమ్మిది ఒలింపిక్స్‌లో మల్టీహల్ అంటే టోర్నడో. ఇంగ్లండ్‌లో రాడ్నీ మార్చ్ గీసిన పడవ అది, మొదటి స్వర్ణం కూడా బ్రిటన్‌కు చెందిన రెగ్ వైట్, జాన్ ఓస్బోర్న్‌లదే. ఆ తొమ్మిదింటిలో 1988, 1992 ఫ్రాన్స్‌వి, 1996, 2008 స్పెయిన్‌వి, 2000, 2004 ఆస్ట్రియావి. అంతమంది సెయిలర్లు, అంత డబ్బు ఉన్న అమెరికా రజతాలు తెచ్చుకుంది గానీ టోర్నడోలో స్వర్ణం ముట్టనే లేదు. సముద్రమే లేని ఆస్ట్రియా మాత్రం రోమన్ హగారా, హన్స్ పీటర్ స్టెయినాహెర్‌లతో వరసగా రెండు గెలిచింది, రియోలో మళ్ళీ కాంస్యం తెచ్చుకుంది. సరస్సుల్లో పడవలు నడుపుకునే దేశం. హైదరాబాద్‌కు సముద్రం లేదని బెంగపడేవాళ్ళకు నేనెప్పుడూ ఈ పేరే చెబుతాను.

అర్జెంటీనా ఇంకా మంచి పాఠం. సాంతియాగో లాంగే 2004లో, 2008లో టోర్నడోలో కాంస్యాలు గెలిచాడు. 2015లో క్యాన్సర్ వచ్చి ఊపిరితిత్తిలో కొంత భాగం తీసేశారు. ఏడాది తిరక్కుండానే, 54 ఏళ్ళ వయసులో, సెసీలియా కరాంసాతో కలిసి రియోలో నాక్రా స్వర్ణం గెలిచాడు. అదే దేశం నుంచి 2024లో మాతెయో మజ్దలానీ, యూహెనియా బోస్కో రజతం తెచ్చారు. ఇరవై ఏళ్ళపాటు ఆ దేశపు నీళ్ళలో ఆ విద్య చల్లారలేదు. పుస్తకంలో దొరికే విద్య కాదు ఇది. ఒక తరం పడవ పక్కన ఇంకో తరం పడవ పరిగెత్తాలి.

చాలా దేశాల్లో ఆ దీపాన్ని ఆర్పేసింది కూడా ఒలింపిక్ నిర్ణయాలే, ఇది నాకిప్పటికీ బాధ. 2007 నవంబరులో అంతర్జాతీయ సమాఖ్య 2012 లండన్ నుంచి మల్టీహల్‌ను తీసేసింది. 2008 తర్వాత మళ్ళీ 2016 దాకా లేదు. ఎనిమిదేళ్ళంటే ఒక పిల్ల ఆప్టిమిస్ట్ (చిన్నపిల్లల పడవ) ఎక్కి ఒలింపిక్స్ చేరేంత కాలం. ఆ ఎనిమిదేళ్ళలో చాలా దేశాల్లో నిధులు ఆగిపోయాయి, కోచ్‌లు వేరే క్లాసులకు పోయారు, టోర్నడోలు షెడ్లలో మూలపడ్డాయి. తిరిగి వచ్చేసరికి పడవ మారింది, మిక్స్‌డ్ అయింది. ఆ తర్వాతి ఒలింపిక్స్‌కు ఫాయిళ్ళు. టోక్యో తర్వాత రడ్డర్ (చుక్కాని) కోణం రేసులోనే మార్చుకునే ఏర్పాటు. ప్రతి మార్పుకూ పాత పరికరాలు పనికిరాకుండా పోతాయి. డబ్బున్న దేశం కొనుక్కుంటుంది. మనలాంటివాళ్ళు అప్పటికి పాతదాన్ని నేర్చుకోవడం పూర్తిచేస్తాం. 2028 లాస్ ఏంజెలిస్‌లో నాక్రా 17 ఉంది. మీ అమ్మాయి అసలు వయసు మాత్రం 2032, 2036లది. ఒక ఒలింపిక్స్‌లో ఉన్న పడవ తర్వాత దానిలోనూ ఉంటుందన్న హామీ సెయిలింగ్‌లో లేదు. అందుకే పడవను కాదు, విద్యను కొనుక్కోవాలంటాను.

జంట గురించి కూడా. ఇద్దరి బరువు కలిపి సుమారు 130 కిలోల దరిదాపుల్లో ఉండాలి, ఎత్తు కావాలి, ఏళ్ళ తరబడి కలిసి నడిపే ఓపిక కావాలి. మన దగ్గర అబ్బాయి ఉద్యోగరీత్యా ఆర్మీలోనో నేవీలోనో ఉంటాడు, అమ్మాయి ఇంకో ఊళ్ళో కాలేజీలో ఉంటుంది. పోటీకి మూడు వారాల ముందు కలుస్తారు. ఆ మూడు వారాల్లో జానెడు తాడు విద్య రాదు. చెన్నై కుర్రాళ్ళు గణపతి, వరుణ్ ఠక్కర్ చిన్నప్పటి నుంచీ స్నేహితులు. కలిసి పెరిగి, కలిసి నడిపి 2018 ఆసియా క్రీడల్లో 49ఈఆర్ అనే ఇద్దరి పడవలో కాంస్యం గెలిచారు, తర్వాత టోక్యో వెళ్ళారు. మన దేశంలో ఇద్దరు నడిపే పడవకు ఇప్పటికీ నేను చూపించే ఉదాహరణ వాళ్ళే. మన తెలంగాణ అమ్మాయి ప్రీతి కొంగర కూడా హాంగ్‌ఝౌలో 470 అనే ఇద్దరి పడవ మిక్స్‌డ్ పోటీలో ఆడింది. మీ అమ్మాయికి ఆమె అక్కలాంటిది, కలిపించండి.

ఇంకొక్క మాట. మిక్స్‌డ్ అంటే అబ్బాయి హెల్మ్, అమ్మాయి క్రూ అని చాలామంది ముందే రాసేసుకుంటారు. రియోలో న్యూజిలాండ్‌కు హెల్మ్ పట్టింది జెమ్మా జోన్స్. నాలుగో స్థానం, పతకం వెంట్రుకవాసిలో పోయింది. మీ అమ్మాయి ఐఎల్‌సీఏలో ఐదేళ్ళు టిల్లర్ (చుక్కాని పిడి) పట్టింది కాబట్టి దాన్ని వదులుకోమని ఎవరు చెప్పినా వెంటనే ఒప్పుకోకండి. రెండూ నేర్చుకోనివ్వండి, శరీరం ఎదిగాక తేలుతుంది.

ఇప్పుడేం చేయాలి. ఐఎల్‌సీఏ మానిపించకండి. ఏటా జులైలో హైదరాబాద్ సెయిలింగ్ వీక్ ఉంది, జాతీయ పోటీలున్నాయి, రేసు ఎత్తులు నేర్చుకోవడానికి అంతకంటే మంచి బడి లేదు. టోక్యోలో, పారిస్‌లో వరసగా స్వర్ణం గెలిచిన రుజ్జెరో టీటా 2016లో రియోకు వెళ్ళింది 49ఈఆర్‌లో, అంటే ఒకే హల్ పడవలో. లాంగే కూడా 1996లో లేజర్‌లోనే (ఐఎల్‌సీఏ పాత పేరు అదే) ఒలింపిక్స్ ఆడాడు. కాబట్టి ఇప్పటి ఏళ్ళు వృథా కావు. దీని పక్కనే 49ఈఆర్‌కు చిన్న రూపమైన 29ఈఆర్ మొదలుపెట్టించండి. ట్రపీజ్, గెన్నకర్ (గాలివాలుకు ముందు వేసే పెద్ద తెరచాప), ఇంకో మనిషితో మాటల్లేకుండా నడపడం, ఈ మూడూ అక్కడే వస్తాయి. మన దేశంలో 29ఈఆర్‌లు ఉన్నాయి, నాలుగు పడవలు పక్కపక్కన దొరుకుతాయి. వేసవి సెలవుల్లో నెల రోజులు ఆ పడవలున్న చోటే ఉండాలి.

కాటమరాన్ చేతికి రావాలంటే హాబీ 16 చాలు. పాత పడవే, డాగర్‌బోర్డు (హల్ కిందకి దించే పలక) కూడా ఉండదు, ముక్కు ఎప్పుడు గుచ్చుకుంటుందో మాత్రం బాగా నేర్పుతుంది. ఆ తర్వాత నాక్రా 15, యూత్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో మల్టీహల్ అంటే అదే. నాక్రా 17 పద్దెనిమిది దాటాకే. హుస్సేన్ సాగర్‌లో ఫాయిల్ పడవ ఆలోచన వదిలేయండి. ఒడ్డు దగ్గర లోతు లేదు, నిమజ్జనం తర్వాత అడుగున మిగిలే ఇనుప చువ్వలు ఫాయిల్‌కు తగిలితే పడవా పోతుంది, పిల్లలకూ దెబ్బ తగులుతుంది. నాచు, ప్లాస్టిక్ సంచి చుట్టుకున్నా చాలు, పడవ కిందకి కూలుతుంది.

మీ నలుగురు తల్లిదండ్రులు పోగుచేసిన డబ్బుతో ఒక నాక్రా 17 బదులు రెండు హాబీ 16లు కొనండి. డబ్బు మిగులుతుంది కూడా. రెండూ ఒకే ఏడాదివి, ఒకేలాంటి తెరచాపలవి అయితే మరీ మంచిది. రెండు పడవలూ ప్రతిసారీ కలిసే నీళ్ళలోకి దిగాలి, వారానికోసారి జంటలు పడవలు మార్చుకోవాలి. పడవ మారినా ఓడినవాళ్ళు మళ్ళీ ఓడితే లోపం నడపడంలో ఉంది. పడవతో పాటు ఓటమి కూడా మారితే పానా తీసుకుని పడవ దగ్గరికి వెళ్ళండి.

కొనేముందు ఎండలో నిలబెట్టి చూడండి. ముందు బీమ్ దగ్గర, మాస్ట్‌కు ముందు భాగంలో, హల్ పై తలాన్ని బొటనవేలితో గట్టిగా నొక్కుకుంటూ రండి. ఎక్కడైనా మెత్తగా లోపలికి దిగినా, కొట్టినప్పుడు డొల్ల శబ్దం వచ్చినా ఆ పడవ వద్దు. హల్ లోపలి నీళ్ళు బయటికి తీసే బిరడాలు తెరిపించండి. రడ్డర్‌ను చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఊపితే కటకటలాడకూడదు. తీగలు స్వేజ్ దగ్గర, అంటే బిగించిన కొస దగ్గర, ఒక్క పోగు తెగి ఉన్నా కొత్తవి వేయించండి, ట్రపీజ్ తీగలైతే చూడకుండానే కొత్తవి వేయించండి. ఫొటోలు తీసి ఇక్కడే పెడితే నేను చూసి చెబుతాను.